ఖాళీగా ఉండడం తెలియని సిస్టం

పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ ఆ ఏడాదే. ఈ రెంటికీ తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ జతపడ్డాక మన చిన్న పట్నాల్లో అచ్చుపని చాలా ఏళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. గురజాలే తీసుకోండి. ఆర్డీవో ఆఫీసూ కోర్టూ ఉన్న ఊరు కాబట్టి అర్జీలు, అఫిడవిట్లు ఏడాది పొడుగునా ఉంటాయి. మాఘం వస్తే శుభలేఖలు, కార్తీకం వస్తే కారంపూడి వీరుల ఉత్సవాల కరపత్రాలు, పంట చేతికొస్తే మిర్చి, పత్తి వ్యాపారుల బిల్లుబుక్కులు. మధ్యలో పెద్దకర్మ కార్డులు. వాటికి సీజను లేదు, పైగా గంటలో కావాలి.

అలాంటి ఒక డీటీపీ సెంటరు కూలిపోయిన వైనం ఇది. ఓనరును ఊళ్ళో చాలామందిమి బాబాయ్ అనేవాళ్ళం. అను యాపిల్ లేఅవుట్ మీద ఆయన వేళ్ళు ఎంత వేగమంటే, మనం కాగితం చదివి వినిపిస్తుంటే వాక్యాన్ని మనకన్నా ముందు ఆయనే ముగించేవాడు, తరచూ మనం రాసుకొచ్చినదానికన్నా బాగా. కీబోర్డు మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. బటర్ పేపరు మీద ప్రింటు తీసి, ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకుని, ఎక్కడన్నా ఒత్తు జారిందేమో చూసేవాడు. జారితే పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేవాడు. ఆ సున్నా ఉన్న కాగితం ప్రెస్సు గడప దాటదు.

ముందు పోయింది పేజ్‌మేకరే. అడోబీ 2004లో దాని అభివృద్ధి ఆపేసింది. గురజాలలో ఎవరూ పట్టించుకోలేదు. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అదీ పట్టించుకోలేదు. పాత సిస్టంలో మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి, ఒక పొద్దున అది ఇక లేవనన్నాకే పట్టింది. విండోస్ 10తో కొత్తది కొన్నారు. అందులో పేజ్‌మేకర్ కుదురుగా నిలవలేదు. నిలవకపోతే ఇంకోటి నేర్చుకోవచ్చుగా అంటారు. చిక్కంతా పాత మ్యాటరుతో. అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు ముక్కల్ని కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే. ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని దావాలు ఆ గుర్తుల్లో ఉన్నాయో లెక్కలేదు.

నరసరావుపేట నుంచి వచ్చిన ఒక కుర్రాడు దారి చూపించాడు. పాత హార్డ్‌డిస్కును ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా చేసి వర్చువల్‌బాక్స్‌లో పెట్టాడు. విండోస్ 10 లోపల ఒక విండో, అందులో మొత్తం పాత ఎక్స్‌పీ, డెస్క్‌టాప్ మీది వినాయకుడి బొమ్మతో సహా. ప్రియాంక బోల్డులో శీర్షిక మళ్ళీ తెర మీద పడ్డ రోజున బాబాయ్ అందరికీ టీ చెప్పాడు.

వారం తిరక్కుండా ఫ్యాను మోత మొదలైంది. పొద్దున ఎక్స్‌పీ తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా అదే మోత. మౌసు ఈడ్చుకుంటూ కదిలేది. అక్షరం కొట్టాక కాసేపాగి తెర మీద పడేది. అంత వేగం గల వేళ్ళు ఆగి చూస్తూ కూర్చోవడం చూసేవాళ్ళకే కష్టంగా ఉండేది.

"ఏం పని చెయ్యకపోయినా ఇట్టా రొప్పుద్దేందబ్బాయ్?" అన్నాడు బాబాయ్.

జబ్బేమిటో ఆ మాటలోనే ఉంది. వచ్చినవాళ్ళెవరూ దాన్ని చెవినబెట్టలేదు. ఒకరు దుమ్ము దులిపారు. ఒకరు ప్రాసెసర్ మీద పేస్టు మార్చారు. ఒకరు వైరసన్నారు. చివరికొకాయన వచ్చి, చాలడంలేదు కాబట్టి ఇంకా ఇవ్వాలని తేల్చి, ఎక్స్‌పీకి ఒక ప్రాసెసర్ బదులు నాలుగు రాసిచ్చాడు. 4 జీబీ ర్యామ్‌లో మూడు దానికే పెట్టాడు. మా వైపు చెప్పుకునే కథలో నాయకురాలు నాగమ్మ అడిగింది ఏడు ఘడియల మంత్రిపదవే, దానికే గురజాల రాజ్యం తలకిందులైంది. ఇక్కడ అడగకుండానే కోశాగారం తాళాలిచ్చారు. ఒక్క ప్రాసెసర్‌కు అమర్చిన ఎక్స్‌పీ మిగతా మూడింటినీ ముట్టుకోలేదు. బయటి విండోస్ 10 మాత్రం మిగిలిన ఒక్క జీబీతో ఊపిరాడక హార్డ్‌డిస్కు మీద పడింది.

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది రెండు టాస్క్ మేనేజర్లను, లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి. రెండూ ఎక్కువ చూపిస్తే తప్పు లోపలి ప్రోగ్రాముది. ఎక్స్‌పీలో అది చాలాసార్లు ఎస్‌వీసీహోస్ట్ చాటునున్న ఆటోమేటిక్ అప్‌డేట్స్ సర్వీసే. 2013 చివర్లో ప్రపంచమంతా ఎక్స్‌పీ సిస్టంలు దీనివల్లే నూటికి నూరు వాడుకుంటూ నిలబడిపోయాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాత అప్‌డేట్లలో దేని స్థానంలో ఏది వచ్చిందో వరస తేల్చుకోవడంలోనే వాటి సత్తువంతా పోయింది. అప్‌డేట్లు రావడం మానేసిన ఎక్స్‌పీకి ఆ సర్వీసు ఆపేస్తే పోయేదేం లేదు. లోపల యాంటీవైరస్ కూడా తీసెయ్యొచ్చు, ఎక్స్‌పీకి నెట్టు కనెక్షన్ లేకుండా చేసిన తర్వాత.

బాబాయ్ సిస్టంలో సంగతి వేరు. లోపల సిస్టం ఐడిల్ ప్రాసెస్ 99 చూపిస్తోంది, అంటే పనేమీ లేదు. అదే సమయానికి బయట వర్చువల్‌బాక్స్ 25 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్లో 25 అంటే ఒక థ్రెడ్డు మొత్తం దానికే పోతోందని లెక్క. ఇలా కనిపిస్తే అనుమానించాల్సినవి రెండు. బయటి విండోస్‌లో హైపర్-వీయో, కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీయో నడుస్తుంటే వర్చువల్‌బాక్స్‌కు నేరుగా ప్రాసెసర్ దొరకదు. అప్పుడు విండో అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తుంది. ఇక్కడ తాబేలు లేదు.

రెండోదే అసలు దోషం. పని లేనప్పుడు ఆగమని ప్రాసెసర్‌కు చెప్పే ఆజ్ఞ ఒకటుంది, హెచ్‌ఎల్‌టీ అంటారు. 8086 కాలం నుంచీ ఉంది. లోపలి ఆపరేటింగ్ సిస్టం ఆ ఆజ్ఞ ఇస్తేనే దానికి పని లేదన్న సంగతి బయటికి తెలిసేది. ఇవ్వకపోతే ఖాళీ లూపులో తిరుగుతూనే ఉంటుంది, బయటి ప్రాసెసర్ దాన్ని నిజమైన పనే అనుకుని మోస్తూనే ఉంటుంది. డాస్ ఈ ఆజ్ఞ ఇవ్వదు, విండోస్ 95 ఇవ్వదు. ఎక్స్‌పీ ఇస్తుంది, ఏసీపీఐతో, అంటే కరెంటు వాడకాన్ని ఆపరేటింగ్ సిస్టం చేతికిచ్చే ఏర్పాటుతో వేసి ఉంటే. డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్న మాట పక్క ప్లస్ గుర్తు నొక్కితే కింద 'స్టాండర్డ్ పీసీ' అని వచ్చింది. ఎప్పుడో పాత సిస్టంలో ఎవరో ఏసీపీఐ లేకుండా ఎక్స్‌పీ వేశారు. అన్నేళ్ళూ ఆ కేబినెట్ మోత ఊళ్ళో కరెంటు కోతల్లాగే అలవాటైపోయింది.

ముందు ఆ పెద్ద ఫైలుకు కాపీ తీశారు. ఏసీపీఐ ఆన్ చేసి, ఎక్స్‌పీ సీడీతో రిపేర్ ఇన్‌స్టాల్ చేశారు. ప్రాసెసర్ ఒకటికి, ర్యామ్ 768 ఎంబీకి తగ్గించారు. బయటి యాంటీవైరస్ ఆ పెద్ద ఫైలున్న ఫోల్డరు జోలికి పోకుండా కట్టడి చేశారు. 25 కాస్తా రెండు మూడుకు దిగింది. ఫ్యాను నోరు మూసుకుంది.

అప్పటికి గంటలో కార్డు కావలసినవాళ్ళు పిడుగురాళ్ళ బస్సెక్కడం నేర్చుకున్నారు. శుభలేఖలు వాట్సాప్ వీడియోలయ్యాయి, కరపత్రాలు ఫ్లెక్సీలయ్యాయి. ఒక పెళ్ళికొడుకు వచ్చి కార్డు మ్యాటరు ఫోనుకు పంపమన్నాడు. బాబాయ్ అనులోంచి కాపీ చేసి పంపాడు. అబ్బాయి ఫోన్లో పిచ్చి గుర్తులు పడ్డాయి. "ఇది తెలుగేనా బాబాయ్?" అన్నాడు అతను, వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలియక. బాబాయ్ ఫోను తీసుకుని కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

ప్రాసెసర్ ముందే చక్కబడి ఉంటే ఆ కొట్టు కలకాలం నిలిచేదని నేననను. ఇంకో రెండు మాఘాలు నడిచేది. షట్టరు దించాక విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. ఆ పెద్ద ఫైలు ఇప్పుడు బాబాయ్ కొడుకు దగ్గర ఒక హార్డ్‌డిస్కులో ఉంది. దాన్ని తెరిచే పని ఎవరికీ లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి సెంటరు ఇంకా తెరిచే ఉంటే ఈ వారమే వెళ్ళండి. మీ ఇంటి కార్డులు, కరపత్రాలు, మీ తాతగారి పుస్తకం ఏదున్నా, ఆ ఫైళ్ళు తెరుచుకుంటున్నప్పుడే పీడీఎఫ్ తీయించండి, మ్యాటరును యూనికోడ్‌లోకి మార్పించండి. ఆ పనికి డబ్బులు అడిగినంత ఇవ్వండి.