పొయ్యిమీద పాలు

పాలు పొంగటంలో శుభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. గృహప్రవేశంనాడు పాలు పొంగితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రథసప్తమినాడు పిడకల నిప్పుమీద పాలు పొంగించి, ఆ పాలతోనే పరమాన్నం వండి సూర్యునికి నివేదిస్తారు. మరునాడు అవే పాలు పొంగితే మాత్రం ఇల్లాలిని పరాకు మనిషి అంటారు. పొంగినవి పాలే, మారినది తిథి మాత్రమే.

ఇటీవల మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటన ఈ ప్రసంగానికి కారణం. ఒక సాయంకాలం గ్యాసు పొయ్యిమీద పాలగిన్నె ఉంచి నిలుచున్నాను. పెరటిలో పసివాడు పడి మోకాలు చెక్కుకొని ఏడ్చినాడు. పరుగున పోయి, గాయం కడిగి, వాణ్ణి ఊరడించేసరికి కొంత ఆలస్యమైనది. ఇంతలో ఎనిమిదేండ్ల మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలిచి, "అమ్మా, ఇక్కడ ఏదో కుళ్ళిన వాసన వేస్తున్నది" అన్నది. పాలు పొంగి మంటను ఆర్పివేసినవి. మంట లేదు, గ్యాసు మాత్రం వస్తూనే ఉన్నది. చీకటి పడుతున్నది గనుక అలవాటు చొప్పున దీపపు స్విచ్చి మీదికి పోయిన చేతిని వెనుకకు తీసుకొన్నాను. స్విచ్చిలో పుట్టే నిప్పురవ్వ చాలును, ఇల్లు అంటుకొనటానికి. పిల్లను బయటికి పంపి, పొయ్యినీ సిలిండరునూ కట్టివేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచినాను. అరలీటరు పాలతో ఆపద తీరిపోయినది.

ఆ రాత్రి నిద్ర పట్టక మా అమ్మమ్మ వంటింటిని తలచుకొన్నాను. ఆ ఇంట పాలు పొంగిన జ్ఞాపకం నాకు లేదు. ఉదయమే కుండతో పాలను దాలిలో పిడకల నిప్పుమీద ఉంచితే, సాయంకాలానికి ఎర్రగా కాగి, మందపు మీగడ కట్టేవి. పాలు పొంగటానికి కారణం పైన కట్టే పొరయే. అది ఆవిరిని అడ్డగిస్తుంది. సెగ హెచ్చయితే ఆవిరి ఆ పొరనే పైకెత్తి గిన్నె దాటిస్తుంది. దాలి సెగ మందం గనుక ఆవిరికి అంతటి తొందర ఉండేది కాదు.

అంతమాత్రాన ఆ ఇల్లాలు సుఖపడినదని అనుకోరాదు. వానకాలంలో తడికట్టెలు రగలక, ఊదుగొట్టం పట్టుకొని కన్నీరు కార్చని దినం లేదు. ఆనాటి పొరపాటు నిప్పు చెలరేగటం కాదు, నిప్పు ఆరిపోవటం. రాత్రి వంట ముగిసిన పిదప నిప్పుకణికలను బూడిదలో కప్పి ఉంచి, తెల్లవారి విప్పి రాజవేసేవారు. నివురు గప్పిన నిప్పు అని మనం మనుషులను గురించి చెప్పుకొనే మాట ఈ పొయ్యి దగ్గర పుట్టినదే. కణిక ఆరినదా, పొరుగింటికి పిడక తీసుకొని పోయి నిప్పు అడగవలసినదే.

ఈ ఇబ్బందిని తీర్చినది అగ్గిపుల్ల. ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వర్తకుడు రాపిడితో వెలిగే పుల్లలను 1827లో అమ్మకానికి పెట్టినాడు. తరువాతి కాలపు పుల్లలలో వాడిన తెల్ల భాస్వరం విషపదార్థం. వాటిని చేసే కార్మికుల దవడ యెముకలు క్షీణించిపోయేవి. పెట్టె ప్రక్కన గీస్తేనే వెలిగే పుల్లలను స్వీడనులో లుండ్‌స్ట్రోమ్ సోదరులు 1855 ప్రాంతంలో వ్యాప్తికి తెచ్చినారు. మన దేశానికి మొదట ఇవి స్వీడను, జపానుల నుండి ఓడలలో వచ్చినవి. 1923లో శివకాశిలో ఈ పరిశ్రమ ఆరంభమైనది. దీనిలోనూ ఒక విషాదం కలదు. ఒక తల్లి తన బిడ్డ చేతికి అందకుండా అటకమీద దాచిన అగ్గిపెట్టెను మరొక తల్లి బిడ్డయే కూర్చి ఉండవచ్చును. అగ్గిపెట్టెల తయారీలో బాలలను నియోగించటాన్ని నిషేధిస్తూ 1986లో చట్టం వచ్చినది.

అటుపిమ్మట వచ్చినది కిరసనాయిలు పంపు స్టవ్వు. స్వీడనుకు చెందిన లిండ్‌క్విస్ట్ 1892లో తయారుచేసిన పొయ్యి దీనికి మూలం. పొగ లేదు, మసి తక్కువ, సెగ మెండు. అయితే దానికి పరిచర్య చేయవలసి ఉండేది: పిన్నుతో రంధ్రం శుభ్రపరచటం, ముందుగా వేడిచేయటం, గాలి కొట్టటం. తొందరపడితే మంట ఒక్కసారిగా ఎగసేది. చీరచెంగు దగ్గరలోనే ఉండేది. ఎందరో స్త్రీలు ఈ విధంగా గాయపడినారు, మరణించినారు. ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. స్టవ్వు పేలిన ప్రమాదమని వ్రాయించిన మరణాలన్నీ ప్రమాదాలు కావు. కొన్నింటి వెనుక కట్నం కోసం పెట్టిన హింస ఉన్నది. 1983లోనూ, 1986లోనూ శిక్షాస్మృతికి కొత్త సెక్షన్లు చేర్చటానికి ఇదియే కారణం. వంటింటి పొరపాటు అనే చిన్న మాట చాటున పెద్ద నేరం దాగిన సందర్భాలివి.

వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలైనది. 1965లో కలకత్తాలో ఇండేన్ సిలిండరు వచ్చినది. బీదకుటుంబాల స్త్రీలకు ఈ సౌకర్యం కలిగించటానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకాన్నీ, కేంద్ర ప్రభుత్వం 2016లో ఉజ్జ్వల పథకాన్నీ ఆరంభించినవి. ఊదుగొట్టం పట్టిన తరాలకు ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే కట్టెల నిప్పు పొగతో తన ఉనికిని చాటుకొనేది. ఈ కొత్త ఇంధనానికి ఆ గుణం లేదు. కంటికి కనబడదు, స్వతహాగా చెప్పుకోదగిన వాసనయూ లేదు. అందుచేత దానిలో మెర్కాప్టాన్ అనే దుర్గంధ పదార్థాన్ని స్వల్పంగా కలుపుతారు. తల్లులు వంటింటి దుర్వాసనలను పోగొట్టటానికి పాటుపడుతుంటే, శాస్త్రజ్ఞులు ఒక దుర్వాసనను కావాలని వంటింటికి పంపినారు! గ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలబారున వ్యాపిస్తుంది. అందుకే కాబోలు, నాకంటె ముందు మా అమ్మాయికి తెలిసినది.

అమ్మమ్మకు నిప్పు ఆరకుండా కాయటం పని. నాకు నిప్పు ఆరినదేమో చూసుకొనటం పని. సాధనాలు మారినవి, పొయ్యినీ బిడ్డనూ ఏకకాలంలో కనిపెట్టవలసిన తల్లి మాత్రం మారలేదు. ఆమెకు ఉన్నవి రెండు కళ్ళే. అందుచేత ఆ కావలిలో ఇంటిలోని తక్కినవారికీ వంతు ఉండటం న్యాయం.

మరునాడు మా అమ్మాయికీ, వారి నాన్నగారికీ సిలిండరు కట్టే విధం చూపినాను. వారి నాన్నగారు రెండుమార్లు అడిగి తెలుసుకొన్నారు. అమ్మాయికి ఒక్కసారితోనే వచ్చినది. ఆ సాయంకాలం పాలు కాచినది వారి నాన్నగారే. పాలు పొంగినవి. ఎవరూ ఏమీ అనలేదు.