పాత పోలరాయిడ్ కెమెరాలు: ఏ కెమెరాకు ఏ ఫిల్ము సరిపోతుంది?

మీట నొక్కిన కొద్ది నిమిషాలలోనే చేతికి ఫొటో అందించే కెమెరాను తక్షణ ఛాయాచిత్ర కెమెరా అంటారు. దీనిని మొదట తయారుచేసిన సంస్థ పేరు మీదుగా ఎక్కువమంది పోలరాయిడ్ అనే పిలుస్తారు. విదేశాలలో ఉన్న బంధువులు ఎప్పుడో తెచ్చి ఇచ్చిన ఇటువంటి కెమెరా ఏ ఇంటి అటక మీదనో, బీరువా అడుగుననో ఉండవచ్చు. పిల్లలు దానిని బయటకు తీసి "ఇది ఇప్పుడు పనిచేస్తుందా?" అని అడిగినప్పుడు పెద్దలకు వెంటనే సమాధానం తోచదు. కొన్ని నమూనాలకు నేటికీ కొత్త ఫిల్ము తయారవుతున్నది. కొన్నింటికి శాశ్వతంగా ఆగిపోయింది. ఈ తేడా తెలియక కొన్నవారు ఫిల్ముకు పెట్టిన డబ్బునైనా, కెమెరాకు పెట్టిన డబ్బునైనా పోగొట్టుకుంటారు. ఫిల్ము ధర ఎక్కువ, ప్యాకెట్టులో వచ్చే ఫొటోలు తక్కువ. అందువలన కొనడానికి ముందే ఈ విషయాలు తెలుసుకొనుట మేలు.

పుట్టుక, పతనం, పునరుద్ధరణ

అమెరికాకు చెందిన శాస్త్రవేత్త ఎడ్విన్ లాండ్ (1909–1991) 1937లో పోలరాయిడ్ సంస్థను స్థాపించారు. కాంతి తీవ్రతను తగ్గించే ప్రత్యేకమైన పలకలు, చలువ కళ్లద్దాలు ఆ సంస్థ తొలి ఉత్పత్తులు. 1943లో విహారయాత్రలో తీసిన ఫొటోను అప్పటికప్పుడు ఎందుకు చూడలేమని చిన్నారి కుమార్తె అడిగిన ప్రశ్నే లాండ్ ఆలోచనకు మూలమని చెబుతారు. 1947 ఫిబ్రవరిలో ఆయన ఈ పద్ధతిని న్యూయార్క్ నగరంలో శాస్త్రజ్ఞుల సభ ఎదుట ప్రదర్శించారు. 1948 నవంబరులో మొదటి కెమెరా బోస్టన్ నగరంలో అమ్మకానికి వచ్చింది.

1963లో రంగుల ఫిల్ము, 1972లో ఎస్ఎక్స్-70 అనే మడత కెమెరా వచ్చాయి. ఎస్ఎక్స్-70తో పొరలు ఒలిచే పని తప్పింది. ఫొటో తనంతట తానే బయటకు వచ్చి కళ్లెదుటనే రూపం దాల్చేది. 1976లో కొడాక్ సంస్థ కూడా ఈ రంగంలో ప్రవేశించగా, పోలరాయిడ్ పేటెంటు హక్కుల మీద వ్యాజ్యం వేసి గెలిచింది. 1986 జనవరిలో కొడాక్ తన తక్షణ కెమెరాల తయారీని మానుకోవలసి వచ్చింది.

డిజిటల్ కెమెరాలు వ్యాపించిన తరువాత పోలరాయిడ్ 2001లో దివాలా తీసింది. 2008 ఫిబ్రవరిలో ఫిల్ము తయారీని ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. అయితే నెదర్లాండ్స్ దేశంలోని ఎన్‌స్కెడే పట్టణంలో ఉన్న చివరి కర్మాగారపు యంత్రాలను కొందరు ఔత్సాహికులు అదే సంవత్సరం కొని కాపాడారు. ఇంపాసిబుల్ ప్రాజెక్ట్ అనే పేరుతో వారు పనిచేశారు. పాత రసాయనాలు చాలావరకు దొరకకపోవడంతో ఫిల్మును మళ్లీ మొదటినుండి రూపొందించవలసి వచ్చింది. వారి తొలి ఫిల్ము 2010లో విడుదలైంది. 2017లో ఆ సంస్థ పోలరాయిడ్ ఒరిజినల్స్‌గా, 2020లో పోలరాయిడ్‌గా పేరు మార్చుకొన్నది. నేడు దొరికే పోలరాయిడ్ ఫిల్ము ఆ కర్మాగారపు వారసత్వమే.

ముందుగా కెమెరాను గుర్తించుట

ఫిల్ము కొనే ముందు కెమెరా ముందుభాగాన, అడుగున, ఫిల్ము పెట్టే తలుపు లోపల ఉన్న అక్షరాలను చదవవలెను. పాత పోలరాయిడ్ కెమెరాలు ముఖ్యంగా ఐదు రకాలు.

1. చుట్ట ఫిల్ము కెమెరాలు: 1948 నుండి వచ్చిన బరువైన మడత కెమెరాలు. మోడల్ 95 వీటిలో మొదటిది. వీటి ఫిల్ము తయారీ 1992లో ఆగిపోయింది. నేడు ఇవి అలంకారానికి, జ్ఞాపకానికి మాత్రమే.

2. ఒలిచే ఫిల్ము కెమెరాలు: 1963లో వచ్చిన ఆటోమాటిక్ 100, ఆ తరువాతి కలర్‌ప్యాక్ మొదలైనవి. కాగితపు కొసను చేతితో లాగి, కొంతసేపు ఆగి, పై పొరను ఒలవవలెను. పోలరాయిడ్ మానివేసిన తరువాత ఫ్యూజీఫిల్మ్ సంస్థ వీటికి ఫిల్ము తయారుచేసేది. దాని రంగుల ఫిల్ము ఎఫ్‌పీ-100సీ నిలిపివేతను 2016లో ప్రకటించారు. ఇప్పుడు అక్కడక్కడ అమ్మేది ఎక్కువగా గడువు తీరిన పాత సరుకు. దాని ధర అధికం, ఫలితం అనిశ్చితం.

3. ఎస్ఎక్స్-70 రకం: 1972 నాటి మడత కెమెరాతోపాటు ఇంద్రధనుస్సు చార గల తెల్లని వన్‌స్టెప్ పెట్టె కెమెరా (1977) కూడా ఈ కోవలోనిదే. వీటికి ఎస్ఎక్స్-70 ఫిల్ము నేటికీ తయారవుతున్నది.

4. 600 రకం: 1981 నుండి వచ్చిన పెట్టె కెమెరాలు. చాలా నమూనాలకు ఫ్లాష్ కెమెరాలోనే ఉంటుంది. వీటికి 600 ఫిల్ము దొరుకుతుంది. కొత్తగా ప్రారంభించే కుటుంబానికి పాత కెమెరాలలో ఇదే అన్నిటికన్నా సులభమైనది.

5. స్పెక్ట్రా రకం: 1986లో వచ్చింది. ఐరోపాలో దీని పేరు ఇమేజ్. ఫొటో చతురస్రంగా కాక కొంత వెడల్పుగా ఉంటుంది. దీని ఫిల్ము నిలిపివేతను 2019లో ప్రకటించారు. కెమెరా ఎంత బాగున్నా కొనవద్దు.

కొడాక్ తక్షణ కెమెరాలకు కూడా నేడు ఫిల్ము తయారీ లేదు. కొడాక్ ఇన్‌స్టామాటిక్ అనే పేరు చూసి తక్షణ కెమెరా అని పొరబడేవారు ఉన్నారు. అది మామూలు ఫిల్ము కెమెరా మాత్రమే. అట్లే పోలరాయిడ్ పేరు గల కొన్ని చిన్న డిజిటల్ కెమెరాలు, ప్రింటర్లు వేడితో రంగు తేలే ప్రత్యేక కాగితం మీద అచ్చువేస్తాయి. వాటికీ ఇక్కడ చెప్పిన ఫిల్ముకూ సంబంధం లేదు.

నేడు దొరికే ఫిల్ములు, వాటి తేడాలు

ఎస్ఎక్స్-70, 600 ఫిల్ముల ప్యాకెట్టు అడుగున పలుచని బ్యాటరీ ఉంటుంది. పాత కెమెరా ఆ బ్యాటరీతోనే నడుస్తుంది. ఇప్పటి ప్యాకెట్టులో 8 ఫొటోలు వస్తాయి. పూర్వం 10 వచ్చేవి కాబట్టి, ప్యాకెట్టు అయిపోయినా పాత కెమెరా లెక్కలో ఇంకా 2 మిగిలినట్లు కనిపిస్తుంది. అది లోపం కాదు.

ఐ-టైప్ అనే ఫిల్ము చూపునకు 600 ఫిల్ము వలెనే ఉంటుంది. దాని ధర కూడా కొంత తక్కువ. కాని దానిలో బ్యాటరీ ఉండదు. కొత్త పోలరాయిడ్ కెమెరాలకు అది సరిపోతుంది గాని పాత కెమెరాలో ఎంతమాత్రం పనిచేయదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పెట్టె మీద 600 అనే అంకె ఉన్నదా, ఐ-టైప్ అని ఉన్నదా అని రెండుసార్లు చదువుకొనవలెను. కొత్త ఐ-టైప్ కెమెరాలో మాత్రం 600 ఫిల్ము కూడా పనిచేస్తుంది.

600 ఫిల్ము ఎస్ఎక్స్-70 ఫిల్ము కన్నా కాంతిని సుమారు నాలుగింతలు వేగంగా గ్రహిస్తుంది. అందుచేత దానిని వడపోత పలక లేకుండా ఎస్ఎక్స్-70 కెమెరాలో వాడితే ఫొటో తెల్లబారిపోతుంది. 2021లో వచ్చిన పోలరాయిడ్ గో అనే చిన్న కెమెరాకు ఫిల్ము వేరు. అది పాత కెమెరాలలో పట్టదు.

ఫ్యూజీఫిల్మ్ వారి ఇన్‌స్టాక్స్ మరొక కుటుంబం. మినీ 1998లో, వైడ్ 1999లో, స్క్వేర్ 2017లో వచ్చాయి. ప్యాకెట్టుకు 10 ఫొటోలు. మినీ బొమ్మ కొలత 62×46 మి.మీ., స్క్వేర్ 62×62, వైడ్ 62×99. ఈ ఫిల్ము భారతదేశంలోని ఫొటో సామాను దుకాణాలలో, ఆన్‌లైన్ అంగళ్లలో పోలరాయిడ్ కన్నా తేలికగా లభిస్తుంది. పాత పోలరాయిడ్ కెమెరాలలో మాత్రం ఇది నేరుగా పట్టదు.

పాత కెమెరాను పరీక్షించుట

పాత కెమెరా కొనేటప్పుడు మాటలను గాక కెమెరాను నమ్మవలెను. ఎస్ఎక్స్-70, 600 రకాలలో బ్యాటరీ ఫిల్ము ప్యాకెట్టులోనే ఉంటుంది కాబట్టి ఖాళీ కెమెరా మీట నొక్కితే ఏమీ కదలదు. అంతమాత్రాన చెడిపోయిందని అనుకొనకూడదు. ఇటీవల వాడి ముగించిన ఖాళీ ప్యాకెట్టులో తరచుగా ఇంకా శక్తి మిగిలి ఉంటుంది. దానిని పెట్టి చూస్తే మోటారు తిరగడం, ఫ్లాష్ వెలగడం తెలుస్తుంది.

తలుపు తెరచి లోపలి రెండు రోలర్లను చూడవలెను. అవి తుప్పు, గంట్లు లేకుండా నున్నగా ఉండాలి. ఎండిన రసాయనం ఉంటే మెత్తని తడిబట్టతో తుడిస్తే పోతుంది. మడత కెమెరాలో ముడతల తిత్తికి సన్నని రంధ్రమున్నా వెలుతురు దూరి ప్రతి ఫొటో పాడవుతుంది. చీకటిలో లోపల చిన్న దీపం పెట్టి పరీక్షించవచ్చు. లెన్స్ మీద బూజు ఉన్నదేమో గమనించాలి.

"పాత ఫిల్ముతో సహా" అని ప్రకటించే బేరాలకు ఆశపడరాదు. 2008కి ముందు తయారైన ఫిల్ములో బ్యాటరీ నిర్జీవమై, రసాయనం ఎండిపోయి ఉంటుంది.

ఫిల్ము కొనుట, తెచ్చుట, దాచుట

పోలరాయిడ్ ప్యాకెట్టు మీద ముద్రించే తేదీ తయారీ తేదీ. ఆ తేదీ నుండి 12 నెలలలోపు వాడుట మంచిదని తయారీదారుల సలహా. ఇన్‌స్టాక్స్ మీద ఉండేది గడువు తేదీ. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. కొనేవారు తయారీ తేదీ ఫొటో పంపుమని అమ్మకందారుని ముందే అడగవచ్చు.

విదేశం నుండి వచ్చే బంధువుల చేత తెప్పించేటప్పుడు ఫిల్మును విమానపు సామాను పెట్టెలో వేయించక, చేతిసంచిలో తెమ్మని చెప్పవలెను. పెద్ద సామానును పరీక్షించే ఎక్స్‌రే యంత్రాలు ఫిల్మును చెరుపుతాయి. కొన్ని విమానాశ్రయాలలో చేతిసంచులకు వాడే కొత్త స్కానర్లు కూడా హాని చేస్తాయి. వీలైతే చేతితో తనిఖీ చేయమని కోరుట మేలు.

మన జిల్లాలలో అసలైన శత్రువు ఎండ. పోలరాయిడ్ ఫిల్ము చక్కగా పనిచేసే వేడిమి 13 నుండి 28 డిగ్రీల సెల్సియస్. బళ్లారి, రాయచూరు, చంద్రపూర్ జిల్లాలలో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో ఫొటోలు పసుపు, ఎరుపు వన్నెకు తిరుగుతాయి. చలి ఎక్కువైతే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. కాబట్టి ఫిల్మును ఫ్రిజ్‌లో బల్లపరుపుగా ఉంచాలి గాని మంచు గడ్డకట్టే అరలో పెట్టరాదు. వాడడానికి ముందు బయట గది వేడిమికి రానివ్వాలి. వేసవిలో జరిగే పెళ్లికి, జాతరకు పోలరాయిడ్ తీసుకువెళ్లేవారు ఉదయం, సాయంత్రం వేళలలో ఫొటోలు తీయుట మంచిది. ఆరు బయట తిరిగే సంబరాలకు 40 డిగ్రీల వరకు తట్టుకొనే ఇన్‌స్టాక్స్ అనుకూలం.

ఫొటో తీసేటప్పుడు

వెలుతురు తీసేవారి వెనుక ఉండాలి. ఇంటిలోపల ఎల్లప్పుడూ ఫ్లాష్ వాడాలి. సాధారణ పెట్టె కెమెరాకు, మనిషికి మధ్య కనీసం నాలుగు అడుగుల దూరం ఉండాలి. బయటకు వచ్చిన పోలరాయిడ్ ఫొటోను వెంటనే వెలుతురు తగలకుండా బోర్లించి ఉంచాలి. రంగుల ఫొటోకు 10 నుండి 15 నిమిషాలు పడుతుంది. ఫొటోను గాలిలో ఊపరాదు, వంచరాదు. తెల్లని అంచులోని రసాయనం క్షార స్వభావం కలది. కారితే పిల్లల చేతులకు, కళ్లకు తగలకుండా చూచి నీటితో కడగాలి.

ఇంట్లో ఉన్న పాత ఫొటోలు

కెమెరా కన్నా విలువైనది దానితో పూర్వం తీసిన ఫొటో. కొన్ని ప్రత్యేక ఫిల్ములను మినహాయిస్తే తక్షణ ఫొటోకు నెగెటివ్ ఉండదు. తాతగారిదో, నాయనమ్మదో ఒకే ఒక్క పోలరాయిడ్ ఉన్నదంటే ప్రపంచంలో ఆ బొమ్మ అదొక్కటే. అది వెలసిపోతే మళ్లీ వేయించుకొనే దారి లేదు. గోడకు, ఎండకు, తేమకు దూరంగా ఉంచాలి. తెల్లని అంచును కత్తిరించరాదు, లామినేషన్ వేడికి గురిచేయరాదు. ఫొటో స్టూడియోలో 600 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేయించి, ఆ ప్రతిని ఒకటికి రెండుచోట్ల భద్రపరచాలి. వెనుకవైపు గట్టిగా నొక్కి రాయక, ఊరు, సంవత్సరం, అందులోని వారి పేర్లు వేరే కాగితం మీద రాసి జత చేయాలి.

అటక మీది కెమెరాకు ఫిల్ము ఈ నెల కాకపోతే వచ్చే నెల కొనవచ్చు. పాత ఫొటోను స్కాన్ చేయించే పని మాత్రం వాయిదా వేయదగినది కాదు.