ఇంటికి భూతాప హీట్ పంపు: ఎప్పుడు గిట్టుబాటు?

భూతాప హీట్ పంపు చలికాలంలో నేలలోని వేడిని ఇంట్లోకి తోడుతుంది, ఎండాకాలంలో ఇంట్లోని వేడిని నేలలోకి దింపుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాలు, కెనడా, స్వీడన్, స్విట్జర్లాండ్ వంటి చలి ప్రాంతాల్లో దీని వాడకం ఎక్కువ. వేడినీటి బుగ్గలతో దీనికి పని లేదు. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ ప్రయోగాత్మకంగా కట్టిన 20 కిలోవాట్ల కేంద్రం భూగర్భంలోని వేడినీటితో కరెంటు తీసేందుకు ఉద్దేశించింది. అది వేరే పద్ధతి. ఇంటి పంపుకు నేల వేడిగా ఉండనక్కర్లేదు, నిలకడగా ఉంటే చాలు. కొన్ని మీటర్ల లోతు దాటితే నేల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉండి, రుతువులతో పెద్దగా మారదు. న్యూయార్క్ రాష్ట్రంలో జనవరి రాత్రి బయట మైనస్ 15 డిగ్రీలున్నా ఆ లోతున సుమారు 10 డిగ్రీలుంటుంది.

నేలలో పాతిన పాలిథీన్ గొట్టాల్లో నీళ్లు, అవి గడ్డకట్టకుండా కలిపిన ద్రవం తిరుగుతుంటాయి. అవి తెచ్చిన కొద్దిపాటి వేడిని ఇంట్లోని కంప్రెసర్ పెంచి, డక్టుల ద్వారా గదులకు పంపుతుంది. ఈ సూత్రాన్ని లార్డ్ కెల్విన్ 1852లోనే వివరించాడు. ఇళ్లలో నేలను వాడుకునే ప్రయోగాలు అమెరికాలో 1940ల చివర్లో మొదలయ్యాయి. పంపు వేడిని పుట్టించదు, ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు 3 నుంచి 5 యూనిట్ల వేడి అందుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లోనే ఇళ్లకు ఇది ఎంతో సమర్థమైన పద్ధతని తేల్చింది. కాబట్టి యంత్రం మంచిదా కాదా అన్న చర్చతో ఇంటి యజమానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు ఇంట్లో ఏ ఇంధనం మండుతోంది, పెరటి కింద ఎలాంటి నేల ఉంది, ఆ ఇంట్లో ఎన్నేళ్లుంటారు అన్న మూడు ప్రశ్నలే అతని లెక్కను తేలుస్తాయి.

ఇంధనం లెక్క

ఒక ఇంటికి ఏడాదికి 20,700 యూనిట్ల వేడి కావాలనుకుందాం. ఒక యూనిట్‌కు మూడున్నర ఇచ్చే పంపు సుమారు 5,900 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. యూనిట్ 20 సెంట్లయితే ఏడాదికి 1,180 డాలర్లు. అదే ఇంటిని మామూలు ఎలక్ట్రిక్ హీటర్లతో వెచ్చబెడితే 4,140 డాలర్లవుతుంది. 85 శాతం సామర్థ్యం గల ఆయిల్ బాయిలర్‌కు 600 గ్యాలన్లు పడతాయి, గ్యాలన్ 3.75 డాలర్ల చొప్పున 2,250 డాలర్లు. 95 శాతం సామర్థ్యం గల గ్యాస్ ఫర్నేస్‌కు సుమారు 745 థర్మ్‌ల గ్యాస్ కావాలి, థర్మ్ 1.20 డాలర్లనుకుంటే 900 డాలర్ల లోపే.

మామూలు ఏర్పాటు కన్నా భూతాప పంపుకు 20,000 డాలర్లు అదనంగా పెట్టారనుకుంటే, ఎలక్ట్రిక్ హీటర్లున్న ఇంట్లో ఆ సొమ్ము దాదాపు ఏడేళ్లలో తిరిగొస్తుంది. ఆయిల్ ఇంట్లో పంతొమ్మిదేళ్లు పడుతుంది. చౌకగా పైపు గ్యాస్ అందే ఇంట్లో ఈ ధరల దగ్గర ఎప్పటికీ రాదు. ఈ ధరలు ఉదాహరణకు తీసుకున్నవే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవాలి, ఎండాకాలం ఏసీ ఆదాను విడిగా కలుపుకోవాలి. పాత పన్ను రాయితీని మాత్రం నమ్ముకోకూడదు. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం సొంతింటి యజమానులకు ఇచ్చిన 30 శాతం కేంద్ర రాయితీ 2025 డిసెంబరు 31 తర్వాతి ఖర్చుకు వర్తించదు. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని ముగించింది. గాలి నుంచే వేడి తీసే పంపులు ఇప్పుడు కఠినమైన చలిలోనూ పనిచేస్తున్నాయి. వాటికి తవ్వకం అక్కర్లేదు కనుక వాటి ధరతో పోల్చకుండా నిర్ణయం తీసుకోకూడదు.

నేల

స్థలం విశాలంగా ఉంటే రెండు మీటర్ల లోపు కందకాల్లో గొట్టాలు పరుస్తారు. ఖర్చు తక్కువే, కానీ తోటంతా తవ్వాలి. చిన్న స్థలంలో నిలువు బోర్లు వేస్తారు. ఒక్కోటి సాధారణంగా 30 నుంచి 120 మీటర్ల దాకా పోతుంది, మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానిదే. తడి నేల, గట్టి రాయి వేడిని బాగా ప్రసరింపజేస్తాయి. పొడి ఇసుకలో గొట్టం పొడవు పెంచాల్సివస్తుంది.

అశ్రద్ధగా వేసిన బోరు ఎంత నష్టం తెస్తుందో జర్మనీలోని స్టౌఫెన్ పట్టణం చూపింది. 2007లో అక్కడ టౌన్ హాలుకు ఈ పద్ధతిని అమర్చడానికి బోర్లు వేశారు. ఒత్తిడితో ఉన్న భూగర్భజలం అన్‌హైడ్రైట్ పొరలోకి చేరింది. ఆ ఖనిజం నీటితో కలిసి జిప్సంగా మారుతూ ఉబ్బింది, నేల పైకి లేచింది, రెండు వందలకు పైగా ఇళ్లు బీటలువారాయి. ఇలాంటివి అరుదు. అయినా బోరు చుట్టూ బెంటొనైట్ లాంటి పూరకంతో ఖాళీ లేకుండా మూయాలన్న నిబంధనను ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేసే గుత్తేదారును దగ్గరికి రానీయకూడదు.

హైదరాబాద్, విజయవాడల్లో లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ ఇల్లు వెచ్చబెట్టే అవసరం లేదు. చలికాలంలో తీసుకోకుండా ఏటా నేలలోకి వేడి దింపుతూ పోతే గొట్టాల చుట్టూ నేల క్రమంగా వేడెక్కి, పంపు సామర్థ్యం పడిపోతుంది. ఆ డబ్బును ఇంటి పైకప్పు వేడెక్కకుండా చేయడానికి పెట్టడం మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కోరేదీ అదే.

కాలవ్యవధి, ఒప్పందం

ఇంట్లోని యంత్రం ఇరవై ఏళ్లకు పైగా, నేలలోని గొట్టాలు యాభై ఏళ్లకు పైగా మన్నుతాయని అంచనా. ఆ మన్నిక ఆ ఇంట్లోనే ఉండేవారికి అక్కరకొస్తుంది. ఉద్యోగం మారితే ఊరు మారాల్సివచ్చే కుటుంబాలకు, అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో అలాంటివి తక్కువేమీ కాదు, ఐదారేళ్లలో ఇల్లు అమ్మితే ఖర్చు వెనక్కి వస్తుందన్న హామీ లేదు.

ముందుగా అటకకు ఇన్సులేషన్ వేసి, గాలి కారే సందులు మూస్తే చిన్న పంపు, తక్కువ బోర్లు సరిపోతాయి. ఇంటి విస్తీర్ణం చూసి కంటితో అంచనా వేసే కంపెనీకి పని అప్పగించవద్దు. గోడలు, కిటికీలు, పైకప్పు కొలిచి ఏ గదికి ఎంత వేడి కావాలో కట్టిన లెక్కను రాతపూర్వకంగా అడగాలి. గొట్టాలు ఏ లోతులో, ఎటుగా వెళ్లాయో చూపే పటాన్ని ఇంటి పత్రాలతో భద్రపరిస్తే, తర్వాత పెరట్లో గుంత తవ్వేవారి గునపం వాటికి తగలదు.