క్యాన్సర్ అంతరాలు: పరిశోధనలో ప్రజల భాగస్వామ్యం

ఒకే దేశంలో, ఒకే జబ్బుతో, కొన్ని వర్గాలవారు మిగతావారికంటే ఎక్కువగా చనిపోతుంటే ఆ తేడాను క్యాన్సర్ అంతరం అంటారు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు కాస్త తక్కువగానే వస్తుంది. మరణాల రేటు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. నల్లజాతి పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు తెల్లవారికంటే దాదాపు రెట్టింపు. కణితి స్వభావంలో కొంత తేడా ఉన్న మాట నిజమే. అయితే ఆలస్యంగా బయటపడడం, బీమా లేకపోవడం, చికిత్స మధ్యలో ఆగిపోవడం కూడా ఈ అంతరాన్ని పెంచుతున్నాయి. అవి మనుషులు సరిదిద్దగలిగినవి. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, స్థానిక సంఘాలు కలిసి ఆ పని కోసం చేసే అధ్యయనాలే భాగస్వామ్య పరిశోధనలు. ఏ ప్రశ్న అడగాలన్న దగ్గర్నుంచి ఫలితాలను ఎవరికి ఎలా చెప్పాలన్నదాకా అక్కడి జనానికి నిర్ణయాధికారం ఉన్నచోటే ఇవి నిలబడ్డాయి.

న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో 1986 వరకు 22 ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 606 మంది రికార్డులను శస్త్రవైద్యుడు హెరాల్డ్ ఫ్రీమన్ పరిశీలించారు. ఎక్కువమంది పేద నల్లజాతి స్త్రీలు. దాదాపు సగంమంది జబ్బు మూడో, నాలుగో దశకు చేరాకే వచ్చారు. అయిదేళ్ళు బతికినవారు 39 శాతం. ఫ్రీమన్ చౌకగా, ఉచితంగా పరీక్షలు ఏర్పాటు చేశారు. 1990లో ‘పేషెంట్ నావిగేటర్’ పద్ధతి మొదలుపెట్టారు. పరీక్షలో అనుమానం వచ్చిన రోజు నుంచి చికిత్స పూర్తయ్యేదాకా రోగికి ఒక మనిషి తోడుంటారు. బీమా కాగితాలు, అపాయింట్‌మెంట్లు, ప్రయాణ ఏర్పాట్లు, భయాలు అన్నీ ఆ మనిషి చూసుకుంటారు. 1995 నుంచి 2000 వరకు వచ్చిన 325 మందిలో అయిదేళ్ళ మనుగడ 70 శాతానికి చేరింది. కొత్త మందేదీ కనిపెట్టకుండానే ఇంత మార్పు వచ్చిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

ఇంత మేలు జరిగే చోట కూడా పరిశోధకుణ్ణి చూసి జనం తలుపు వేసుకోవడానికి కారణాలున్నాయి. అలబామాలోని టస్కిగీ ప్రాంతంలో అమెరికా ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను ‘పరిశీలిస్తూ’, పెనిసిలిన్ వచ్చాక కూడా వారికి వైద్యం చేయకుండా వదిలేసింది. అరిజోనాలో హవాసుపాయ్ ఆదివాసులు మధుమేహం అధ్యయనానికని నమ్మి రక్తం ఇచ్చారు. దాన్ని స్కిజోఫ్రెనియా, వలసల చరిత్ర వంటి వేరే అధ్యయనాలకు వాడారని తెలిసి కోర్టుకెళ్ళారు. 2010లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పాలకమండలి 7 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుని, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది.

తెలుగునేల మీదా ఇలాంటి గాయం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టింది. టీకా వేయించుకున్నవారిలో ఎందరో ప్రభుత్వ హాస్టళ్ళలోని గిరిజన బాలికలు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ప్రాణాలు కాపాడే టీకాకు కూడా ఇలా చెడ్డపేరు వచ్చింది. కన్నవారిని అడగాలన్న మామూలు మర్యాదను పాటించి ఉంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పేది.

అలాంటి అపనమ్మకాన్ని ఎదురుగా పెట్టుకునే నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో పని మొదలైంది. 2003 ప్రాంతంలో స్థానిక కార్యకర్తలు, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు, కోన్ హెల్త్ ఆసుపత్రి సిబ్బంది ఒక ఉమ్మడి బృందంగా ఏర్పడ్డారు. జాతివివక్ష సంస్థల్లో ఎలా పనిచేస్తుందో వివరించే శిక్షణకు ప్రొఫెసర్లతో సహా సభ్యులందరూ వెళ్ళాల్సిందే. ఆ బృందం రూపొందించిన అధ్యయనం పేరు ‘అక్యూర్’. పిట్స్‌బర్గ్‌లోని మరో క్యాన్సర్ కేంద్రం కూడా ఇందులో చేరింది. తొలిదశ రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులెవరైనా అపాయింట్‌మెంటుకు రాకపోయినా, చికిత్సలో తర్వాతి మెట్టు ఆలస్యమైనా కంప్యూటర్ వెంటనే హెచ్చరిస్తుంది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు ఫోన్ చేసి కారణం కనుక్కుంటుంది. నల్లజాతి రోగుల్లో ఎందరికి చికిత్స పూర్తయింది, తెల్లజాతివారిలో ఎందరికి అన్న లెక్కలు వైద్యుల ముందుకు వస్తాయి. తమ దగ్గర అందరినీ సమానంగా చూస్తున్నామనుకునే వైద్యులకు ఆ లెక్కల ముందు కూర్చోవడం తేలిక కాదు.

అంతకుముందు చికిత్స పూర్తిచేసుకున్నవారు నల్లజాతిలో 79.8 శాతం, తెల్లజాతిలో 87.3 శాతం. అధ్యయన కాలంలో అవి 88.4, 89.5 అయ్యాయి. పాత రోగుల రికార్డులతో పోల్చి తీసిన ఫలితమిది కాబట్టి కొంత జాగ్రత్తగానే చూడాలి. అయినా ఎవరికీ తగ్గించకుండా అందరికీ మెరుగవుతూనే అంతరం దాదాపు చెరిగిపోయింది.

డెలావేర్‌లో ఇదే పని రాష్ట్రమంతటా జరిగింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఉచితంగా కొలనోస్కోపీ, జబ్బు బయటపడిన బీమాలేనివారికి చికిత్స ఖర్చు, తోడుగా నావిగేటర్లు. 2002లో నల్లజాతివారిలో 48 శాతంగా ఉన్న స్క్రీనింగ్ 2009 నాటికి తెల్లవారితో సమానంగా 74 శాతానికి చేరింది. నల్లజాతివారిలో ఈ జబ్బు మరణాలు లక్షకు 31.2 నుంచి 18కి తగ్గాయి.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలను పెద్ద క్యాన్సర్ కేంద్రాలతో జతకట్టి నిధులివ్వడం మొదలుపెట్టింది. బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం, మోర్‌హౌస్ వైద్య కళాశాలతో పాటు ఆ పాత గాయం తగిలిన ఊళ్ళోని టస్కిగీ విశ్వవిద్యాలయం కూడా అలా జతకట్టినవాటిలో ఉంది. గువామ్, హవాయి విశ్వవిద్యాలయాల జంట ఎంచుకున్న సమస్య తాంబూలం వేసుకునే తెలుగువారికి బాగా తెలిసిందే. ఆ పసిఫిక్ దీవుల్లో చాలామంది వక్క, తమలపాకు, సున్నం నములుతారు, కొందరు పొగాకు కలుపుతారు. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటంలో పేర్కొంది. సిగరెట్ మాన్పించే పద్ధతులను వక్కకు తగ్గట్టు మలిచి, గువామ్, సైపాన్ దీవుల్లో పరిశోధకులు పరీక్షించారు. దూరపు ప్రయోగశాలలో కూర్చున్నవారికి తట్టని ప్రశ్న ఇది.

ఈ పనులన్నిటినీ వేధించేది డబ్బు. గ్రాంటు గడువు ముగిస్తే నావిగేటర్ ఉద్యోగం కూడా పోతుంది. 2024 జనవరి నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ఈ సేవలకు విడిగా చెల్లించడం మొదలుపెట్టింది. అయితే మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్ళు నిండినవారికి. నల్లజాతి స్త్రీలలో చాలామందికి రొమ్ము క్యాన్సర్ అంతకన్నా ముందే వస్తుంది. వారికి ఈ తోడు దొరకడం ఇంకా వారుండే రాష్ట్రం మీద, వారికున్న బీమా మీద ఆధారపడి ఉంది.