ఏడాదీ ఒక రోజు

మా ఖాందాన్‌లో అమెరికా నుంచి ఫోన్ వస్తే మొదటి సవాల్ ఖైరియత్ గురించి, రెండో సవాల్ గ్రీన్‌కార్డు గురించి. మా ఖాలా కొడుకు పదకొండేళ్లుగా రెండో సవాల్‌కి ఒకటే జవాబు చెప్తున్నాడు: "లైన్‌లోనే ఉన్నాం భాయ్, దువా చేయండి." ఈమధ్య మాత్రం ఇంకో మాట కలిపాడు. తన ఆఫీసులో క్యూబా మనిషి ఒకడున్నాడట. దేశంలో అడుగుపెట్టిన ఏడాదీ ఒక రోజుకి గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టుకున్నాడట. కంపెనీ స్పాన్సర్ లేదు, దేశాలవారీ లైనూ లేదు. "ఇదేం ఇన్సాఫ్ భాయ్?" అన్నాడు.

ఇన్సాఫ్ సంగతి తర్వాత చూద్దాం. ఆ ఏడాదీ, ఆ ఒక రోజూ ఎక్కణ్నుంచి వచ్చాయో ముందు తెలుసుకోవాలనిపించింది. చదువుతూ పోతే అది ఒక దేశం ముహాజిర్లలో కొందరికి దర్వాజా తీసి, కొందరికి వేసిన కథగా తేలింది.

1959 జనవరి 1న క్యూబా నియంత బటిస్టా దేశం వదిలి పారిపోయాడు. ఫిడెల్ కాస్ట్రో చేతికి హుకూమత్ వచ్చింది. మొదట బయల్దేరినవాళ్లు బటిస్టా మనుషులు, వాళ్ల వెనక పెద్ద జమీన్లున్నవాళ్లు, ఆ తర్వాత డాక్టర్లు, వకీళ్లు, దుకాణదారులు. క్యూబా తీరం నుంచి ఫ్లోరిడా కొస దాకా సముద్రం మీద దూరం సుమారు 145 కిలోమీటర్లు, మనకి హైదరాబాద్ నుంచి వరంగల్ అంత. కొన్ని నెలల్లో కాస్ట్రో పడిపోతాడు, ఇంటికి తిరిగి వస్తామని వాళ్ల యకీన్. తర్వాత తర్వాత జేబులో ఐదు డాలర్లు మించి తీసుకుపోవడానికి ఇజాజత్ లేకపోయింది. వదిలిన ఇళ్లు సర్కారువయ్యాయి.

పిల్లల్ని కమ్యూనిస్టు తాలీమ్‌కి అప్పగించడం ఇష్టం లేని మా బాప్‌లు ఇంకో పని చేశారు. పిల్లల్ని ఒంటరిగా విమానం ఎక్కించారు. 1960 డిసెంబర్ నుంచి 1962 అక్టోబర్ దాకా ఇలా మయామీ చేరిన పిల్లలు 14,000 మందికి పైనే. చర్చి పెద్దలూ అమెరికా సర్కారూ కలిసి నడిపిన ఈ పనికి పెడ్రో పాన్ అని పేరు పడింది. మిసైళ్ల సంక్షోభంతో విమానాలు ఆగిపోయాక, కొందరికి అమ్మానాన్నల్ని మళ్లీ చూడ్డానికి ఏళ్లు పట్టింది. ఆ అమ్మల మీద నేనేం ఫైసలా చెప్పలేను.

అమెరికా ఎందుకింత దిల్‌దార్ అయ్యింది? రహమ్ లేదని అనను గానీ అసలు కారణం సియాసత్. కమ్యూనిజం నుంచి పారిపోయి వచ్చిన ప్రతి మనిషీ రష్యాకి వ్యతిరేకంగా ఒక గవాహీ. అలాంటి గవాహీని కడుపు మాడ్చి రోడ్డు మీద ఉంచలేరు కదా. 1961లో కెనెడీ హుకూమత్ క్యూబా శరణార్థుల కార్యక్రమం మొదలుపెట్టింది. మయామీలో పాత పత్రిక భవనం ఒకటి అద్దెకి తీసుకుని దాన్నే పెద్ద కేంద్రం చేశారు. దానికి ఫ్రీడమ్ టవర్ అని పేరు. క్యూబావాళ్లు మాత్రం ఎల్ రెఫ్యూహియో అనేవారు, పనాహ్ దొరికే చోటు అని. అక్కడ వైద్యం, పాలపొడి, చీజ్ ముక్కలు ఇచ్చేవారు. కుటుంబానికి నెలకు 100 డాలర్ల దాకా ఖర్చుకీ ఇచ్చారు. కాలేజీ పిల్లలకి అప్పులు దొరికాయి. డాక్టర్లు అమెరికా పరీక్ష రాయడానికి మయామీ యూనివర్సిటీ ప్రత్యేక క్లాసులు పెట్టింది. అయినా హవానాలో వకీలుగా బతికిన మనిషి మయామీలో గిన్నెలు కడిగిన రోజులున్నాయి. కానీ కడుగుతున్నప్పుడు కూడా, ఎల్లుండి తనని ఎవరైనా పట్టుకుని వెనక్కి పంపేస్తారేమో అన్న ఖౌఫ్ అతనికి లేదు. నా లెక్కలో ఆ 100 డాలర్ల కంటే ఇదే పెద్దది.

ఇక్కడే మన కథా వాళ్ల కథా ఒకచోట కలుస్తాయి. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ కింద కూర్చుని కొత్త వలస కానూన్ మీద సంతకం చేశాడు. అంతకుముందు 1946 నాటి కానూన్ ప్రకారం హిందుస్తాన్‌కి ఏడాదికి దక్కిన కోటా 100 మంది. వంద! ఆ కోటాల పద్ధతిని తీసేసింది ఈ సంతకమే. మన డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా దారి పట్టింది ఆ తర్వాతే. అదే రోజు, అదే తఖ్రీర్‌లో జాన్సన్ ఇంకో మాట కూడా అన్నాడు: క్యూబా నుంచి పనాహ్ కోరి వచ్చేవాళ్లకి అది దొరుకుతుందని. ఆ డిసెంబర్‌లోనే విమానాలు మొదలయ్యాయి. 1973 ఏప్రిల్ దాకా అవి రెండున్నర లక్షల మందికి పైగా తెచ్చాయి.

అంటే రెండు దర్వాజాలూ ఒకే రోజు తెరుచుకున్నాయి, వెడల్పులు మాత్రం వేరు. మన దర్వాజాకి దేశానికింత అని హద్దు పెట్టారు. 1990 కానూన్ ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. జనాభా ఎంతున్నా సరే, ఐస్‌లాండ్‌కీ అంతే, హిందుస్తాన్‌కీ అంతే. మా ఖాలా కొడుకు నిలబడ్డ లైన్ అదే.

క్యూబావాళ్ల సంగతికొస్తే, విమానం దిగిన మనిషికి ఇచ్చిన కాగజ్ పేరు పెరోల్. జైలు పెరోల్ కాదు, "ప్రస్తుతానికి లోపలికి రా" అనే ఇజాజత్. దాంతో ఉండొచ్చు గానీ పక్కా నివాసం దొరకదు. పక్కా చేసుకోవాలంటే దేశం దాటి, బయట ఉన్న అమెరికా దఫ్తర్‌లో దరఖాస్తు పెట్టాలి. హవానాలో అమెరికా ఎంబసీ 1961 జనవరిలోనే మూతపడింది. లక్షల మందిని మెక్సికోకో కెనడాకో పంపి వెనక్కి రప్పించే బదులు 1966 నవంబర్ 2న ఒక కానూన్ తెచ్చారు: 1959 జనవరి 1 తర్వాత తనిఖీ అయ్యి లోపలికి వచ్చిన, లేదా పెరోల్ మీద వచ్చిన క్యూబా మనిషి రెండేళ్లు ఉంటే చాలు, అక్కడే గ్రీన్‌కార్డు అడగొచ్చు. తనకి జుల్మ్ జరిగిందని సబూత్ చూపక్కర్లేదు. బీవీ పిల్లలు వేరే దేశం వాళ్లైనా వాళ్లకీ వర్తిస్తుంది. 1980లో రెండేళ్లని ఏడాదికి తగ్గించారు. ఏడాది పూర్తయ్యిందని తేలాలి కాబట్టి దాని మీద ఒక రోజు.

ఇప్పుడు కలిసిపోవడం గురించి. పాతుకుపోవడానికి కానూన్ చోటిచ్చింది కాబట్టి వాళ్లు తమ జబాన్‌నీ తహజీబ్‌నీ దాచుకునే మజ్బూరీ లేకుండానే అమెరికన్లయ్యారు. 1963లో మయామీలోని కోరల్ వే బడిలో సగం పూట స్పానిష్, సగం పూట ఇంగ్లీషు పెట్టారు. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు మాట్లాడి పెరిగిన నాకు అది చదివి కొంచెం అసూయే కలిగింది. మా బళ్లో ఇంటి జబాన్ గోడ అవతలే ఆగిపోయేది. కాయే ఓచో వీధి పొడుగునా హవానాలో మూతపడ్డ దుకాణాల పేర్లతోనే దుకాణాలు లేచాయి. హోటల్ కిటికీ దగ్గర నిలబడి చిన్న కప్పులో చిక్కటి కాఫీ తాగుతూ సియాసత్ మాట్లాడటం అక్కడి రివాజు. మన ఇరానీ చాయ్ హోటళ్లే గుర్తొస్తాయి.

అప్పుల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. క్యూబాలో బ్యాంకులు నడిపినవాళ్లు మయామీ బ్యాంకుల్లో నౌకరీలకి కుదిరారు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని తోటి క్యూబా మనిషికి, హవానాలో అతని ఇజ్జత్ ఏమిటో తమకి తెలుసు గనక, ఆ భరోసా మీదే అప్పు ఇచ్చారు. సమాజ శాస్త్రవేత్తలు పోర్టెస్, స్టెపిక్ దీని గురించి వివరంగా రాశారు. ఈ అప్పులు హవానాలో ముందే పేరున్నవాళ్లకే దొరికాయి, 1973 తర్వాత వచ్చినవాళ్లకి దాదాపు లేవు. 1985 నాటికి క్యూబాలో పుట్టిన జేవియర్ సువారెజ్ మయామీ మేయరయ్యాడు.

ఏటా క్రిస్మస్ ముందు రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర పెద్దవాళ్లు "వచ్చే ఏడు క్యూబాలో" అంటూ గ్లాసులెత్తేవారు. ఆ వచ్చే ఏడు రాలేదు. పిల్లలకి స్పానిష్ అర్థమయ్యేది గానీ తమలో తాము ఇంగ్లీషే మాట్లాడుకున్నారు. (స్పానిష్‌లో "అలా జరిగితే బాగుండు" అనడానికి ఓహలా అంటారు. అండలూసియా అరబ్బుల నోట అల్లాహ్ పేరుతో పుట్టిన మాట అది. ఆ ముసలాళ్లు దాన్ని ఎన్నిసార్లు పలికి ఉంటారో.)

1980లో హవానాలో సుమారు 10,000 మంది పెరూ ఎంబసీలోకి చొరబడి పనాహ్ అడిగారు. పోయేవాళ్లు పొమ్మని కాస్ట్రో మారియెల్ రేవు తెరిచాడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 1,25,000 మంది పడవల్లో వచ్చారు. వీళ్లలో కూలీలెక్కువ, ముందొచ్చినవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లూ ఎక్కువే. జైళ్లనుంచీ పిచ్చాసుపత్రులనుంచీ కొందరిని కాస్ట్రో కావాలనే పడవలెక్కించాడు. వెనక్కి పంపాలని 1984లో తేల్చిన పేర్లు 2,746, అంటే నూటికి ముగ్గురు కూడా కాదు. అయినా అందరి మీదా ముజ్రిమ్ ముద్ర పడింది. "మారియెలీతో" అనే మాటని తిట్టులా వాడినవాళ్లలో ఇరవై ఏళ్ల ముందు అదే సముద్రం దాటిన క్యూబావాళ్లూ ఉన్నారు. ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడి మురికి బట్టల్ని చూసి ముక్కు మూసుకోవడం నాకేం కొత్తగా అనిపించలేదు. గల్ఫ్ క్యాంపుల్లో పనిచేసొచ్చిన మా మామూలని అడగండి, మన వాళ్ల కథలే చెప్తారు. ఆ నవంబర్‌లోనే మయామీ ఉన్న డేడ్ కౌంటీ ఓటర్లు సర్కారీ కామ్‌లో ఇంగ్లీషు తప్ప ఇంకో జబాన్‌కి ఖర్చు పెట్టొద్దని ఓటేశారు. ఆ పాబందీ 1993 దాకా నిలిచింది.

అదే రోజుల్లో, అదే తీరానికి, ఇంకా అధ్వానమైన పడవల్లో హైతీ జనం వస్తున్నారు. వాళ్లు పారిపోయింది డువాలియే నియంతృత్వం నుంచి. డువాలియే కమ్యూనిస్టు కాదు, అమెరికాకి దోస్తు. అందుకని అతని జుల్మ్‌కి గవాహీ అక్కర్లేకపోయింది. నాలుగువేలకు పైగా హైతీ దరఖాస్తుల్ని అధికారులు హడావుడిగా ఒక్కటీ మంజూరు చేయకుండా కొట్టేస్తే, 1980 జులైలో ఫెడరల్ జడ్జి జేమ్స్ లారెన్స్ కింగ్ ఆ పద్ధతే కానూన్‌కి విరుద్ధమన్నాడు. కార్టర్ హుకూమత్ ఇద్దరికీ కలిపి తాత్కాలిక దర్జా ఒకటి ఇచ్చింది. తర్వాత ఏమైంది? మారియెల్ క్యూబావాళ్లకి 1984లో ఆ 1966 కానూన్ అక్కరకొచ్చింది. హైతీవాళ్లు 1986లో ఇంకో కానూన్ వచ్చేదాకా ఆగారు. 1981 నుంచే అమెరికా ఓడలు హైతీ పడవల్ని సముద్రంలోనే ఆపి వెనక్కి తిప్పాయి. 1993లో సుప్రీంకోర్టు 8–1 తేడాతో అది తప్పు కాదంది. హైతీవాళ్లకి మెహనత్ తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్లు హోటళ్లలో గిన్నెలు కడుగుతూ ప్రతి పోలీసుని చూసి భయపడ్డారు. ఒకే గిన్నెలు, ఒకే ఊరు.

రష్యా కూలిపోయాక గవాహీలకి గిరాకీ తగ్గింది. 1994 వేసవిలో ముప్పైవేలకు పైగా క్యూబావాళ్లు ట్యూబులూ చెక్కలూ కట్టిన తెప్పల మీద బయల్దేరితే, క్లింటన్ వాళ్లని గ్వాంటనామోలో పెట్టాడు. 1995లో కొత్త ఫైసలా వచ్చింది: నీళ్లలో దొరికితే వెనక్కి, నేల మీద అడుగు పడితే లోపలికి. తడి కాలు, పొడి కాలు. ఒడ్డుకి వంద గజాల దూరంలో పడవని పట్టుకుంటే ఒక తక్దీర్, ఆ వంద గజాలు ఈదేస్తే ఇంకో తక్దీర్. 2017 జనవరి 12న ఒబామా దీన్ని తీసేశాడు.

1966 కానూన్ మాత్రం ఈనాటికీ పుస్తకంలో ఉంది. మారింది లోపలికొచ్చేవాళ్ల చేతికిచ్చే కాగజ్. 2021 తర్వాత మెక్సికో సరహద్దు మీదుగా వచ్చిన క్యూబావాళ్లలో చాలామందికి పెరోల్ బదులు ఐ-220ఏ అనే ఫారం ఇచ్చి వదిలారు. ఒకే రోజు, ఒకే సరహద్దు దాటిన అన్నదమ్ముల్లో ఒకడికి పెరోల్, ఇంకొకడికి ఈ ఫారం రావచ్చు. కోర్టు తారీఖు రాసిన చీటీ అని చాలామంది దాన్ని జేబులో పెట్టుకుని మయామీ వెళ్లి పనుల్లో పడ్డారు. 2023 సెప్టెంబర్‌లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది: ఐ-220ఏ మీద వదిలిపెట్టడం పెరోల్ కిందికి రాదు. పెరోల్ లేదు కాబట్టి వాళ్లకి ఏడాదీ లేదు, ఆ ఒక రోజూ లేదు. కాయే ఓచో పక్క వీధుల్లో ఇప్పుడు వాళ్లు వకీళ్లకి ఫీజులు కడుతూ, కోర్టు పిలుపొస్తే వెళ్లాలా వద్దా అని ఒకళ్లనొకళ్లు అడుగుతూ బతుకుతున్నారు. నలభై ఏళ్ల కింద ఆ ఊళ్లో ఈ సవాల్ హైతీవాళ్లది.