త్యాగరాయ నగర్

త్యాగరాయ నగర్ (వాడుకలో టి. నగర్) తమిళనాడు రాజధాని చెన్నైలోని ఒక నివాస, వాణిజ్య ప్రాంతం. 1920లలో ఒక చెరువును పూడ్చి, ముందే గీసుకున్న ప్రణాళిక ప్రకారం కట్టిన పేట ఇది. ఇళ్ల కోసం వెలసిన ఈ పేటకు నేడు దేశవ్యాప్తంగా ఉన్న పేరు పట్టుచీరల, బంగారు నగల అంగళ్ల వల్ల వచ్చింది.

నేపథ్యం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు నగరానికి పడమటి హద్దు మౌంట్ రోడ్డు వెంబడి ఉన్న లాంగ్ ట్యాంకు. నుంగంబాకం నుంచి సైదాపేట దిశగా సుమారు 6 కిలోమీటర్ల పొడవున నెలవంకలా పరుచుకున్న చెరువు అది. దాని అవతల మాంబళం ఒక పల్లె. జార్జిటౌన్, మైలాపూరు, ట్రిప్లికేను కిక్కిరిసిపోవడంతో మధ్యతరగతికి కొత్త స్థలాలు అవసరమయ్యాయి. నగర ప్రణాళికా నిపుణుడు హెచ్.వి. లాంచెస్టర్ 1918లో మద్రాసుపై గ్రంథం ప్రచురించాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. అప్పుడు అధికారంలోకి వచ్చిన జస్టిస్ పార్టీ హయాంలో చెరువులో నీళ్లు తోడించి, 1923-25 మధ్య లేఅవుట్ వేశారు.

ప్రణాళిక, పేర్లు

లేఅవుట్‌కు నడిబొడ్డు పానగల్ పార్కు. ఉస్మాన్ రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. జి.ఎన్. చెట్టి రోడ్డు, త్యాగరాయ రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు పార్కు వైపు నుంచి మౌంట్ రోడ్డు దిశగా విడివిడిగా వెళ్తాయి. పెద్ద రోడ్ల మధ్య చిన్న వీధులు, చెట్లు, పెరడున్న ఇళ్లకు సరిపడే ప్లాట్లు వేశారు.

పేర్లు చూస్తే జస్టిస్ పార్టీ చరిత్ర కనిపిస్తుంది. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టి (1852-1925) ఆ పార్టీ స్థాపకుల్లో ఒకరు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా పనిచేసిన తెలుగువాడు. పార్కు పేరు 1921-26 మధ్య మద్రాసు ప్రధానిగా ఉన్న పానగల్ రాజా రామరాయణింగారిది, ఆయనా తెలుగువాడే. టి.ఎం. నాయర్, నటేశ మొదలియార్, మహమ్మద్ ఉస్మాన్ కూడా రోడ్లకూ పార్కులకూ పేర్లయ్యారు. రైలు పట్టాల అవతలి పశ్చిమ మాంబళం ఈ ప్రణాళికలో భాగం కాదు. ఇరుకు వీధులతో తనంతట తాను పెరిగింది. అక్కడి లేక్ వ్యూ రోడ్డు పేరులో చెరువు నిలిచి ఉంది.

నివాస జీవితం

తాంబరం దాకా 1931లో విద్యుత్ రైళ్లు నడవడంతో మాంబళం స్టేషను పేటకు ఊపిరి పోసింది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ 1936లో ఇక్కడికి వచ్చింది. కోడంబాకం, వడపళని స్టూడియోలు దగ్గర్లో ఉండడంతో సినిమావాళ్లు చాలామంది ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. ఎన్.టి. రామారావు నివాసం బజుల్లా రోడ్డులో, ఘంటసాల నివాసం ఉస్మాన్ రోడ్డులో ఉండేవి. చిత్తూరు నాగయ్య చొరవతో 1940లలో వెలసిన వాణీ మహల్ సంగీత సభలకు వేదికైంది. తెలుగు చిత్రసీమ క్రమంగా హైదరాబాదుకు తరలిపోయాక ఆ సందడి తగ్గింది. వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి మాత్రం తెలుగువారికి కూడలిగా కొనసాగుతోంది.

అంగళ్ల పేటగా

వాణిజ్యం పేటతోపాటే మొదలైంది. నల్లి చిన్నసామి చెట్టి 1928లో పట్టుచీరల దుకాణం తెరిచాడు. త్యాగరాయ రోడ్డులోని పాండీ బజారు మొదట చుట్టుపక్కల ఇళ్లవారి సరుకుల బజారు. 1970ల తరవాత స్టేషనును ఉస్మాన్ రోడ్డుతో కలిపే రంగనాథన్ వీధిలో బహుళ అంతస్తుల దుకాణాలు లేచాయి. రైలు దిగిన జనం నేరుగా అంగట్లోకి నడిచే ఈ వీధి ఇరుకుతనమే దానికి వ్యాపార బలమైంది. ఇళ్ల ప్లాట్లలో దుకాణాలు, ఆ పైన అంతస్తులు వచ్చాయి. నిబంధనలు మీరిన కొన్ని భవనాలకు 2011లో అధికారులు సీలు వేశారు. 2017 మేలో ఉస్మాన్ రోడ్డులోని ఏడంతస్తుల వస్త్ర దుకాణం అగ్నికి ఆహుతి కావడంతో ఆ భవనాన్ని కూల్చేశారు.

నీరు, రవాణా

పూడ్చిన చెరువు పల్లంలో కట్టిన పేట కాబట్టి వాననీరు ఇక్కడికే చేరుతుంది. దాన్ని అడయారు నదికి తీసుకుపోవాల్సిన మాంబళం కాలువ ఇరుకైపోయింది. 2015లోనూ 2021 నవంబరులోనూ వీధులు నీట మునిగాయి. జనాన్ని నడిపించేందుకు 2019లో పాండీ బజారును పాదచారుల ప్లాజాగా మార్చారు. 2023లో మాంబళం స్టేషను నుంచి బస్‌స్టాండుకు ఆకాశ నడకదారి తెరిచారు. మెట్రో రెండో దశలో పానగల్ పార్కు కింద భూగర్భ స్టేషనును చేర్చారు. నూరేళ్ల క్రితం గీసిన రోడ్లే ఇప్పటికీ పేటకు ఆధారం. నివాసాల రాకపోకలకు సరిపడేలా వేసిన వాటి మీద ఈనాడు నగరమంతటి కొనుగోలుదారుల భారం పడుతోంది.