సిటిజన్‌షిప్ ఫారంలో ఆవిడ పేరు

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు నిండబోతున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట వస్తుంది. అమెరికా సిటిజన్‌షిప్‌కి ఆన్‌లైన్లో పెట్టాలా, కాగితం ఫారం నింపి పోస్టులో పంపాలా? మన తెలుగు ఇళ్ళల్లో ఈ చర్చ హాల్లో జరుగుతుంది, మనం కాఫీ కలుపుతూ వంటింట్లోంచి వింటూంటాం. చివరికి ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన ఫారం పూర్తి చేసుకుని, అదే ఊపులో మనది కూడా నింపేస్తారు. "నీ పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావు?" అన్న ఒక్క ప్రశ్నతో మన వంతు అయిపోతుంది.

ముందు ఆ చర్చ సంగతి తేల్చేద్దాం. 2024 ఏప్రిల్ 1 నుంచి ఎన్-400 ఫారం కాగితం మీద పెడితే 760 డాలర్లు, ఆన్‌లైన్లో పెడితే 710. ఫీజులు మారుతూంటాయి కాబట్టి పెట్టేముందు మళ్ళీ చూసుకోండి. ఆన్‌లైన్లో రసీదు వెంటనే వస్తుంది, తప్పనిసరి గడి ఏదైనా ఖాళీగా వదిలేస్తే ముందుకి పోనివ్వదు, పంపిన కాపీ మన ఖాతాలోనే ఉంటుంది. కాగితం అయితే కవరు చేరిందో లేదో అని రోజూ పోస్టు డబ్బా తెరిచి చూడాలి. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, ప్రమాణం రెండిటికీ ఒకటే. ఈ మాత్రానికి హాల్లో రెండు గంటల చర్చ ఎందుకో నాకు తెలీదు.

నన్ను పట్టుకున్న విషయం వేరే. ఈ ఫారం చరిత్ర చదువుతూ వెనక్కి పోతే, అందులో ఆడవాళ్ళ పేరు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

అమెరికా మొదటి పౌరసత్వ చట్టం 1790లో వచ్చింది. స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకి మాత్రమే అని అందులోనే రాసుకున్నారు. అప్పట్లో దేశమంతటికీ ఒక ఫారం అంటూ లేదు. దగ్గర్లో ఏ కోర్టు ఉంటే అక్కడికి వెళ్ళి, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, మా పాత రాజుగారితో నాకిక సంబంధం లేదు అని చెబితే గుమాస్తా రాసుకునేవాడు. మొదట ఈ దేశపు పౌరుణ్ణి కావాలనుకుంటున్నానని ఒక కాగితం, కొన్నేళ్ళ తర్వాత అసలు దరఖాస్తు. వందేళ్ళకి పైగా అలాగే నడిచింది. ఏ కోర్టు రాత దానిది. చాలా చోట్ల మగాయన పేరు, వచ్చిన దేశం, తేదీ, సాక్షి పేరు ఉంటాయి. ఇంటి ఇల్లాలి పేరు కనపడదు.

ఆవిడకి ఫారం ఎందుకు, అన్నది అప్పటి లెక్క. 1855 చట్టం ప్రకారం అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడిన విదేశీ స్త్రీ తనంతట తానే పౌరురాలైపోయేది. భర్త కోర్టుకెళ్ళి పౌరుడై వస్తే ఇంట్లో ఉన్న భార్య కూడా అయిపోయేది. ప్రమాణం లేదు, పరీక్ష లేదు, ఫీజు లేదు. వినడానికి హాయిగానే ఉంది కదూ? కానీ ఆవిడ చేతిలో ఆవిడ పేరుతో కాగితం ముక్క ఉండదు. 1920లో ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు వచ్చాక, ఇలా పౌరులైనవాళ్ళు ఓటు నమోదుకి వెళ్తే మీ ఆయన కాగితాలు తెమ్మనేవారు. ఆయన ఆ కాగితాలు ఎక్కడ పారేశాడో అని పెట్టెలన్నీ తిరగేసిన ఇల్లాళ్ళు ఎంతమందో! ఆ వెతుకులాట ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

భర్తతోపాటు వచ్చేది భర్తతోపాటు పోతుంది కూడా. 1907లో ఇంకో చట్టం చేశారు. అమెరికాలోనే పుట్టి పెరిగిన ఆడపిల్ల విదేశీయుణ్ణి చేసుకుంటే ఆమె పౌరసత్వం పోయి భర్త దేశం ఆమె దేశమవుతుంది. మగవాడు విదేశీ పిల్లని చేసుకుంటే అతనికేమీ కాదు. కాలిఫోర్నియాలో పుట్టిన ఎథెల్ మెకంజీ స్కాట్లండు నుంచి వచ్చిన గాయకుణ్ణి పెళ్ళాడింది. ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళకి 1911లోనే ఓటు వచ్చింది. దానికోసం పనిచేసినవాళ్ళలో ఆవిడా ఒకతె. తీరా ఓటరుగా పేరు రాయించుకోబోతే, నువ్వు అమెరికన్‌వి కాదు పొమ్మన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1915లో కోర్టు ఆవిడకి వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది. ఇలా అవుతుందని తెలిసే పెళ్ళి చేసుకుంది కాబట్టి ఇష్టపడి వదులుకున్నట్టేనని కోర్టు వాదన. పెళ్ళికి సరేనన్న పిల్ల ఇంకా వేటివేటికి సరేనన్నట్టో వాళ్ళే లెక్క కట్టేశారు!

ఈలోగా ఫారం ఒక దారికొచ్చింది. 1906 చట్టంతో దేశమంతటికీ ఒకేరకం ఫారాలు వచ్చాయి, ఒక కాపీ కేంద్ర కార్యాలయానికి పంపాలన్నారు. భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన చోటు అడగడం మొదలైంది. 1929 నుంచి ఫోటో కూడా అంటించమన్నారు. ఇవాళ తాతముత్తాతల వివరాలు వెతుక్కునే అమెరికన్లు 1906 తర్వాతి కాగితం దొరికితే పండగ చేసుకునేది అందుకే.

1922లో కేబుల్ చట్టం వచ్చింది. పెళ్ళయిన ఆడదానికి తన పౌరసత్వం తనది అన్న మాట అప్పుడు పడింది. అమెరికన్‌ని పెళ్ళాడినంత మాత్రాన పౌరసత్వం రాదు, ఆవిడే దరఖాస్తు పెట్టుకోవాలి, ఆవిడే కోర్టు ముందు నిలబడాలి. ఇదివరకు ఊరికే వచ్చింది ఇప్పుడు అడిగి తెచ్చుకోవాలా అని అప్పట్లో విసుక్కున్నవాళ్ళు ఉండే ఉంటారు. కానీ సర్టిఫికెట్ మీద ఆవిడ పేరు ఉంటుంది. అడిగి తెచ్చుకున్నదే మేలని నాకనిపిస్తుంది.

అయితే ఆ చట్టంలో ఒక మెలిక పెట్టారు. పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకుంటే మాత్రం అమెరికన్ స్త్రీకి పాత శిక్షే. సరిగ్గా అక్కడే ఈ కథలోకి మనవాళ్ళు వస్తారు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు కాబట్టి పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరులైన మనవాళ్ళ కాగితాలు కూడా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. తారక్‌నాథ్ దాస్‌ని పెళ్ళాడిన మేరీ అక్కడ పుట్టిన మనిషే. అయినా భర్త భారతీయుడన్న కారణంతో తన సొంత దేశంలో పరాయిదైపోయింది. ఆ మెలికని 1931లో తీసేశారు.

ఈ చరిత్రలో నన్ను వదలని మనిషి కళా బాగాయ్. 1915లో భర్త వైష్ణోదాస్‌తో, ముగ్గురు చిన్నపిల్లలతో పెషావర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగింది. ఇంగ్లీషు రాదు. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళ్తే, మీరిక్కడ ఉండకూడదని ఇరుగుపొరుగువాళ్ళు తలుపులకి తాళాలు వేసేశారు. వైష్ణోదాస్ 1921లో పౌరుడయ్యాడు. థింద్ తీర్పు తర్వాత ఆ పౌరసత్వం లాగేసుకున్నారు. దాంతో ఆస్తి ఉంచుకునే హక్కూ పోయింది. ఇండియా వెళ్ళి చుట్టాలని చూసొస్తానంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఏ బ్రిటిష్ పాలన వద్దనుకుని వచ్చాడో ఆ పాస్‌పోర్టే తీసుకోమన్నారు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ముగ్గురు మగపిల్లలతో ఆవిడ మిగిలింది. పిల్లల్ని చదివించుకుంది. 1946లో భారతీయులకి మళ్ళీ దారి తెరిచాక, ఆవిడ తన పేరుతోనే అమెరికా పౌరురాలైంది. తాళాలు వేసిన ఆ బర్కిలీలో ఇప్పుడు ఒక వీధికి ఆవిడ పేరుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ చేరింది కూడా ఆ తలుపులు మూసుకుంటున్న రోజుల్లోనే. ఎన్ని మందులకి మూలపురుషుడైనా 1948లో పోయేదాకా ఆయన అక్కడి పౌరుడు కాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు, ఆయన్ని మళ్ళీ చూడలేదు. పౌరసత్వం ఒక్కటే కారణమని చెప్పలేం కానీ, ఆవిడ సంగతి చదివినప్పుడల్లా మనసు ఒకలా అవుతుంది.

తర్వాతిది త్వరత్వరగా జరిగిపోయింది. 1952 చట్టంతో జాతి, ఆడ మగ, పెళ్ళి అనే అడ్డాలన్నీ పోయాయి. 1965 తర్వాత మన డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చారు, ఆ తర్వాత కంప్యూటర్లవాళ్ళు. 1990 చట్టంతో ఈ పని కోర్టుల నుంచి ఇమిగ్రేషన్ శాఖ చేతికి మారింది. 2017లో ఎన్-400 ఆన్‌లైన్లోకి వచ్చింది.

వాళ్ళనే అనడమెందుకు, మన దేశం సంగతీ చెప్పుకోవాలి. విదేశంలో పుట్టిన బిడ్డకి వంశపారంపర్యంగా భారత పౌరసత్వం రావాలంటే 1992 డిసెంబరు 10 దాకా తండ్రి భారతీయుడై ఉండాలి. తల్లి భారతీయురాలైతే చాలదు. నవమాసాలు మోసిన తల్లి లెక్కలోకి రావడానికి రిపబ్లిక్ వచ్చాక నలభై రెండేళ్ళు పట్టింది!

ఇక ఇవాళ్టి మన ఫారం దగ్గరికి వద్దాం. కాగితం ఫారానికి సిరా సంతకం కావాలి, పేరు టైపు చేస్తే తిప్పి పంపుతారు. ఎవరు నింపినా సంతకం కోసమైనా ఆ కాగితాలు ఒకసారి ఆవిడ చేతికి వచ్చేవి, పేజీలు తిప్పి చూసేది. ఆన్‌లైన్లో పేరు టైపు చేయడమే సంతకం. ఖాతా ఆయన ఈమెయిల్‌తో తెరిచి, కోడ్ ఆయన ఫోన్‌కే వస్తూంటే, ఆవిడ అన్నానికి పిలిచేలోపు ఆవిడ దరఖాస్తు, సంతకంతో సహా, వెళ్ళిపోతుంది. చట్టం దాన్ని ఇలా చూడదు. అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ఒప్పుకుంటూ దరఖాస్తుదారే చేయాల్సిన సంతకం అది. ఇంకొకరు నింపిపెడితే వాళ్ళ పేరు, సంతకం కోసం ఫారంలో వేరే భాగమే ఉంది. కట్టుకున్నవాడైనా సరే.

రేపు ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ ఫారం ముందు పెట్టుకుని అడిగేది ఆవిడనే. ఐదేళ్ళలో దేశం దాటి వెళ్ళిన ప్రయాణాలన్నీ తేదీలతో రాయాలి. ఆరు నెలలు దాటితే ఎందుకు ఉన్నారో చెప్పుకోవాలి. అమ్మ ఆపరేషన్‌కి ఎప్పుడు వెళ్ళాం, నాన్న సంవత్సరీకాలకి ఎప్పుడు, టికెట్టు ఎన్నిసార్లు వెనక్కి జరుపుకున్నాం... ఇవన్నీ ఆయనకి గుర్తుంటాయా? మా స్నేహితురాలు ఒకావిడ తన ఫారం తనే చదువుకుంటే ఒక ప్రయాణం మొత్తం లేదని తేలింది, చెల్లెలి పెళ్ళికి వెళ్ళొచ్చిన మూడు వారాలు. పంపేముందు చూసుకుంది కాబట్టి సరిపోయింది.

పేరు సంగతి మరొకటి. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఎటుదటు అయిన పేరు, ఇవన్నీ సరిచేసుకునే వీలు ఈ ఫారంలోనే ఉంది. పేరు మార్పు కోరితే జడ్జి ముందు ప్రమాణం చేయాలి, దానికి కొంత ఆలస్యం కావచ్చు. ఏ పేరుతో మిగిలిన జీవితం నడవాలన్నది హాల్లో ఇంకొకరు టిక్కు పెట్టి తేల్చే విషయమా?

అందుకని నా మాట: ఆన్‌లైన్లోనే పెట్టండి, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్‌తో, మీ ఖాతాలో. ఆయన పక్కన కూర్చుని సాయం చేస్తే సంతోషమే, కాఫీ ఆయన్నే కలపమనండి. రేపు సంసారంలో ఏ ఒడిదుడుకులు వచ్చినా మీ కాగితాలు మీ దగ్గర ఉంటాయి. గ్రీన్ కార్డుతో మీ దగ్గర ఉంటున్న పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఇప్పుడు తండ్రి పౌరసత్వంతోనే కాదు, తల్లిదానితో కూడా పౌరసత్వం వస్తుంది.

ఈమెయిల్ అలవాటు లేని పెద్దవాళ్ళకి మాత్రం కాగితమే నయం. యాభై దాటి, గ్రీన్ కార్డుతో ఇరవయ్యేళ్ళు ఉన్నవాళ్ళకి, యాభై అయిదు దాటి పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు. ఫారం మీద సంతకం కూడా ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు.

మా వీధిలో ఒక మామ్మగారు అలాగే కాగితం మీద పెట్టారు. మనవరాలు రాసింది, రాసినట్టు తన పేరు కూడా వేసింది. ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివించుకుని, "ఎప్పుడైనా జైలుకెళ్ళారా" దగ్గర పకపకా నవ్వి, చివర తెలుగులో సంతకం పెట్టారు ఆవిడ. ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, తర్వాత పూర్తి పేరు, చివర "మ్మ" దగ్గర కాస్త పెద్దది చేసి. బ్యాంకులో, రేషన్ షాపులో, పెళ్ళి రిజిస్టర్లో ఎలా పెట్టేవారో అలాగే.